ఫిర్యాదే తీర్పగునా?

గ్రంథవిమర్శకులు కావ్యములను, నాటకములను, నవలలను విమర్శించుట వాడుక. శాసనములను విమర్శించుట న్యాయవాదుల పనియని పలువురు తలంతురు. కాని శాసనమును మాటలతో కూర్చిన రచనయే. దానికిని ఒక ఉద్దేశము, ఒక కూర్పు, గుణదోషములు కలవు. అందును, పుస్తకములలో నేది పిల్లలు చదువదగినదో యేది చదువరానిదో నిర్ణయింపబూనిన శాసనమును సాహిత్యపత్రిక చదువక విడుచుట తగదు. పుస్తకములకు తీర్పు చెప్పవచ్చిన రచన తాను ముందుగా పరీక్షకు నిలువవలెను. ఈ తలంపుతో, అమెరికా సంయుక్త రాష్ట్రములలో 2022వ సంవత్సరము మొదలుకొని పెక్కు రాష్ట్రముల శాసనసభలు చేసిన యొక జాతి చట్టములను మేము ఈ వ్యాసమున పరిశీలింప బూనితిమి.

ఆ చట్టముల సారమిది. ప్రభుత్వ పాఠశాల గ్రంథాలయమునందో, తరగతిగది అలమారునందో ఉన్న పుస్తకమును గుఱించి యెవరైన ఫిర్యాదు వ్రాసియిచ్చినచో, దానిని పిల్లల కందకుండ తొలగించు నధికారమును, కొన్ని చోట్ల తొలగించి తీరవలసిన విధిని, అవి పాఠశాలాధికారులకు కలిగించుచున్నవి. ఫ్లోరిడా, యూటా, టెనెసీ, ఐయోవా, టెక్సాసు మొదలగు రాష్ట్రములలో ఇట్టి చట్టములు వేర్వేరు రూపములతో వెలసినవి. అన్నింటిని ఒక్క వ్యాసమున విచారించుట సాధ్యము కాదు. కావున ఫ్లోరిడా చట్టమును ముఖ్యముగా గైకొని, తక్కినవానిని అవసరమైన చోట మాత్రము స్పృశింతుము.

ఫ్లోరిడా శాసనసభ 2022లో ఒక చట్టమును, 2023లో దానికి మించిన మఱియొక చట్టమును చేసెను. రెండవది 2023 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అందలి నిబంధనలు మూడు మన విమర్శకు ముఖ్యములు. మొదటిది: బిడ్డను బడికి పంపు తల్లిదండ్రులే కాక, ఆ జిల్లాలో కాపురముండు వారెవరైనను పుస్తకముపై ఆక్షేపణ తెలుపవచ్చును. రెండవది: పుస్తకము అశ్లీలమనియో, స్త్రీపురుష సంబంధమును వర్ణించుచున్నదనియో ఆక్షేపణ వచ్చినచో, ఐదు బడిదినములలోపల దానిని తీసివేయవలెను, విచారణ ముగియువఱకు అది పిల్లల కందరాదు. మూడవది: తల్లిగాని తండ్రిగాని ఆ పుస్తకములోని భాగమును పాఠశాలామండలి సభలో బిగ్గరగా చదువవచ్చును, అది అశ్లీలమన్న కారణముచే మండలి ఆ చదువును ఆపినచో, ఆ పుస్తకమును వాడుకనుండి తొలగింపవలెను.

ఇక రచనాదోషములను విచారింతము. రెండవ నిబంధనలో క్రమభంగమను దోషమున్నది. మన పల్లెలలో తగవు తీర్చు పెద్దమనిషి సహితము ఇరుపక్షముల మాట వినక ముందే జరిమానా వేయడు. ఈ చట్టములో ముందు శిక్ష, పిదప విచారణ. ఫిర్యాదులో నిజమున్నదా లేదా యని చూచుటకు పూర్వమే పుస్తకము అర దిగవలెను. ఫిర్యాదు చేసినవాడు ఋజువు చూపనక్కఱలేదు. పుస్తకమే తన నిర్దోషిత్వమును ఋజువు పఱచుకొని మరల అర యెక్కవలెను. పుస్తకమునకు నోరు లేదు. దాని పక్షమున మాటాడవలసిన గ్రంథాలయోద్యోగికి నోరున్నను, శిక్షాభయము ఆ నోటిని మూయుచున్నది. పిల్లలకు హానికరమగు సాహిత్యమును తెలిసి యందించుట ఆ రాష్ట్రమున ఐదేండ్లవఱకు ఖైదు పడదగిన నేరము. ఈ సంగతిని ప్రభుత్వమువారు గ్రంథాలయోద్యోగులకు ఇచ్చిన శిక్షణలోనే జ్ఞప్తిచేసిరి.

పూర్వపు పద్ధతి యెట్లుండెనో తెలిసినగాని ఈ మార్పు యెంత పెద్దదో బోధపడదు. ఆ దేశపు బడులలో పుస్తకములపై ఆక్షేపణ తెలుపుటకు మార్గము మునుపు లేకపోలేదు. పెక్కు జిల్లాలలో ఇందుకొక పత్రముండెడిది. పుస్తకమును పూర్తిగా చదివితివా, ఏ పుట నీకు అభ్యంతరము, దీనికి బదులు ఏ పుస్తకము నుంచుమందువు అని అందు ప్రశ్న లుండెడివి. ఉపాధ్యాయులును, గ్రంథాలయోద్యోగియు, తల్లిదండ్రులును కూడిన సంఘము పుస్తకమును ఆద్యంతము చదివి నిర్ణయము చెప్పెడిది. అమెరికా గ్రంథాలయ సంఘమువారు సూచించిన పద్ధతిలో, ఆ నిర్ణయము వచ్చువఱకు పుస్తకము అరలోనే యుండవలెను. క్రొత్త చట్టము ఈ క్రమమును తలక్రిందు చేసినది. ఆక్షేపించు హక్కు క్రొత్తగా వచ్చినది కాదు. ఆక్షేపణకే తీర్పు బలము చేకూర్చుట క్రొత్త.

దీని ఫలము లెట్లున్నవో చూతము. అమాండా గోర్మన్ అను ఇరువదిరెండేండ్ల కవయిత్రి 2021 జనవరి 20వ తేదీన అమెరికా అధ్యక్షుని ప్రమాణస్వీకార సభలో తన కవిత చదివెను. అది పుస్తకముగా వెలువడి బడులకు చేరినది. 2023లో మయామీ లేక్సు పట్టణపు బడి యొకదానిలో ఒక్కరు చేసిన ఫిర్యాదుపై దానిని చిన్న తరగతుల పిల్లల కందని అరకు మార్చిరి. ఫిర్యాదు పత్రములో గ్రంథకర్త పేరు వ్రాయవలసిన చోట ఓప్రా విన్‌ఫ్రే పేరుండెను. ఆమె ఆ పుస్తకమునకు ముందుమాట వ్రాసినదే కాని కవిత వ్రాసినది కాదు. పుస్తకమును పూర్తిగా చదువలేదని ఫిర్యాదు చేసినవారే పిమ్మట చెప్పిరి. వ్రాసినదెవరో యెఱుగని వ్రాతకు, ఆద్యంతము చదువని చదువునకు, ఒక బడియందలి చిన్నపిల్లల చదువును మార్చు శక్తి కలిగినది.

ఎస్కాంబియా జిల్లాలో సమీక్ష కొఱకని అరలనుండి తీసిన పుస్తకముల జాబితా 1,600కు పైబడెను. అందు నిఘంటువులును, విజ్ఞానసర్వస్వములును ఉన్నవని 2024 జనవరిలో లోకమునకు తెలిసెను. ఇవి నిషేధము కాదు, పరిశీలన మాత్రమేయని జిల్లావారు చెప్పిరి. మాట నిజమే కావచ్చును. కాని నెలల తరబడి సాగు పరిశీలనలో ఒక తరగతి ముగిసి మఱియొక తరగతి వచ్చును. ఎనిమిదవ తరగతిలో చదువవలసిన పుస్తకము తొమ్మిదవ తరగతిలో తిరిగివచ్చినచో ఆ బిడ్డకు అది రానట్లే. మనాటీ జిల్లాలో 2023 జనవరిలో కొందఱు ఉపాధ్యాయులు తమ తరగతిగది అలమారులకు కాగితములు అంటించి పుస్తకములను కప్పివేసిరి. ఏ పుస్తకమునకై తమమీద నేరము పడునో తెలియనప్పుడు అన్నిటిని మూయుటయే క్షేమమని వారికి తోచెను. చట్టము కప్పుమని చెప్పలేదని దాని పక్షమువారందురు. చెప్పకయే చేయించుకొనునది భయము.

ఆ భయము ఐయోవా రాష్ట్రమున ఇంకను దూరము పోయినది. అచ్చట 2023లో చేసిన చట్టము లైంగికవర్ణన గల పుస్తకములను బడి గ్రంథాలయములనుండి తీసివేయవలెనని విధించెను. ఆ యేడు మేసన్ సిటీ పట్టణపు పాఠశాలాధికారులు, ఇన్ని పుస్తకములు చదువుటకు వ్యవధి లేదని, ఛాట్‌జీపీటీ యను యంత్రబుద్ధినడిగి, ఏ పుస్తకమున నట్టి వర్ణన కలదో తేల్చుకొని, 19 పుస్తకములను తొలగించిరి. పుస్తకము చదువక చేసిన ఫిర్యాదు నొకచోట చూచితిమి. పుస్తకము చదువక చేసిన తీర్పు నిచ్చట చూచుచున్నాము. చదువు నేర్పుటకు పెట్టిన బడిలో చదువుటయే అనవసరమగుట ఈ చట్టముల పరమ వైపరీత్యము.

లెక్కలు చూతము. పెన్ అమెరికా యను రచయితల సంస్థ 2023–24 విద్యాసంవత్సరములో ఆ దేశపు ప్రభుత్వ పాఠశాలలలో పుస్తకములు తొలగింపబడిన సందర్భములు 10,046 అని లెక్కించినది. అందు విచారణ కొఱకు తాత్కాలికముగా తీసినవియు చేరియున్నవి; కావున ఈ సంఖ్యను శాశ్వత నిషేధముల సంఖ్యగా తలంపరాదు. ఇందు ఫ్లోరిడా, ఐయోవా రాష్ట్రములవే అధికము. తొలగినవానిలో నల్లజాతివారి జీవితమును గుఱించియు, స్వలింగానురాగులను గుఱించియు వ్రాసినవి హెచ్చు.

ఇందఱు తల్లిదండ్రులు మొఱపెట్టుకొనుచుండగా ప్రభుత్వము వినవలదా యని యడుగవచ్చును. ఎందఱో చూడవలయును. వాషింగ్టన్ పోస్టు పత్రికవారు 2021–22 విద్యాసంవత్సరమున వచ్చిన వేయికి పైబడిన ఫిర్యాదులను తెప్పించి చదివిరి. వానిలో నూటికి అఱువది వంతులు పదునొకండుగురు వ్యక్తులు చేసినవి. ఒక్కొక్కరు పదేసి పుస్తకములకు తక్కువ కాకుండ ఆక్షేపించిరి. ఇది తల్లిదండ్రుల కంఠస్వరము కాదు. పదునొకండు కంఠములు గట్టిగా పలికిన పలుకు. ఫ్లోరిడా శాసనసభవారికే ఈ సంగతి తట్టి, 2024లో చట్టమును కొంత సవరించి, ఆ బడులలో పిల్లలు లేనివారు నెల కొక పుస్తకమునకు మించి ఆక్షేపింపరాదని కట్టడి చేసిరి. సవరణ మంచిదే. కాని అది ఫిర్యాదుల సంఖ్యను తగ్గించినదే కాని ఫిర్యాదు బలమును తగ్గింపలేదు. ఒక్క ఫిర్యాదు చాలును పుస్తకము దిగుటకు.

ఇప్పుడు ఎదుటిపక్షము మాట వినవలెను. వినకుండ తీర్పు చెప్పినచో మేమును ఆ చట్టమువలెనే నడచినట్లగును. వారి వాదములో బలమున్నది. బిడ్డలను పెంచుట తల్లిదండ్రుల బాధ్యత. ఆఱేండ్ల బిడ్డకు తగనిది పదునాఱేండ్ల పిల్లకు తగవచ్చును. బడిలో ఏ పుస్తకములున్నవో తెలిసికొనుటకు తల్లికి హక్కున్నది. పొరపాటున తగని పుస్తకము చిన్నపిల్లల అరలో చేరుటయు కలదు. గ్రంథాలయోద్యోగులు ప్రమాదమెఱుగని వారు కారు. పన్ను చెల్లించు ప్రజలకు తమ సొమ్ముతో కొన్న పుస్తకములను గుఱించి ప్రశ్నించు నధికారము ఉండవలసినదే. ఇవన్నియు మేమంగీకరింతుము.

కాని వీనిలో నేదియు ఆ చట్టమునకు ఆధారము కాజాలదు. నా బిడ్డ ఈ పుస్తకము చదువరాదని తల్లి చెప్పుట యొకటి. నీ బిడ్డయు చదువరాదని చెప్పుట వేఱొకటి. మొదటిది మాతృత్వము, రెండవది పెత్తనము. మొదటి హక్కును కాపాడుటకు పుస్తకమును అరనుండి తీయ నక్కఱలేదు. ఆ బిడ్డకు ఇవ్వవలదని గ్రంథాలయోద్యోగికి చీటి వ్రాసిన చాలును. ఒక తల్లి హక్కు పేర తక్కిన తల్లులందఱి హక్కును హరించు చట్టమును తల్లిదండ్రుల హక్కుల చట్టమనుట నామమాత్రమే. పుస్తకము కావలెనని కోరు తల్లికి ఆ చట్టములో చోటు లేదు. తీసివేయుమని యడుగుటకు పత్రమున్నది. ఉంచుమని యడిగినవారి మాటకు ఐదు దినములలో పని జరుగవలెనను నిబంధన యెచ్చటను లేదు.

మూడవ నిబంధనలో మఱియొక దోషము. సభలో పదుగురి యెదుట బిగ్గరగా చదువలేనిది చదువదగినది కాదను సూత్రముపై అది నిలిచియున్నది. ఇది తప్పు కొలత. వైద్యగ్రంథములో ప్రసవప్రకరణమును ఇంటిల్లిపాది ముందు బిగ్గరగా చదువుమన్నచో మనమును సంకోచింతుము. అంతమాత్రమున అది అశ్లీలమా? నలుగురిలో పలుకలేని మాటను ఒంటరిగా చదివి తెలిసికొనుటకే పుస్తకమున్నది. మాయా ఏంజెలో అను నల్లజాతి రచయిత్రి 1969లో వెలువరించిన స్వీయచరిత్రలో బాల్యమున తనపై జరిగిన అత్యాచారమును చెప్పికొన్నది. ఆ పుస్తకము ఆ దేశపు బడులలో ఏండ్ల తరబడి ఆక్షేపణకు గురియగుచున్నది. అట్టి కష్టమే తన యింట పడుచున్న బాలిక యొకతె ఆ బడిలో నుండవచ్చును. తన కష్టమునకు పేరున్నదని, అది తన తప్పు కాదని, ఆమెకు చెప్పువారెవరు? ఆ పుటను సభలో చదువలేకపోవుట సభ్యుల లజ్జ. దానికై పుస్తకమును తీసివేయుట ఆ బాలికకు అన్యాయము.

పుస్తకము మొత్తమును విడిచి పుటను పట్టుకొని తీర్పు చెప్పుట మఱియొక మూలదోషము. మన ఆలంకారికులు ఈ సంగతిని తొమ్మిదివందల యేండ్లకు పూర్వమే విచారించిరి. క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా నెంచెను. ఒక పదము తగినదో కాదో తనంతట తాను చెప్పదు. ఏ పాత్ర నోట, ఏ సందర్భమున, ఏ రసము కొఱకు వచ్చినదో చూచిన పిదపనే చెప్పవలెను. కన్యాశుల్కమునుండి మధురవాణి మాటలను రెండు మూడు చించి, నాటకము చదువని సభ్యుల చేతికిచ్చి, ఇది పిల్లలకు తగునా యని యడిగినచో నేమందురు? శిశువులను వృద్ధులకు అమ్ము దురాచారమును గురజాడవారు చీల్చి చెండాడిన రచన యదియని ఆ చింపిన కాగితము చెప్పదు.

పుటలను లెక్కించు ఈ కొలత పట్టిచూచినచో పవిత్రగ్రంథములును నిలువవని యూటా రాష్ట్రమున తేలినది. అచ్చట 2022లో చేసిన చట్టము ననుసరించి ఒకరు బైబిలుపైననే ఫిర్యాదు చేసిరి. 2023లో డేవిస్ జిల్లావారు దానిని చిన్న తరగతుల బడులనుండి, నడిమి తరగతుల బడులనుండి తీసివేసిరి. ప్రజలలో కలవరము పుట్టెను. ఆ జూన్ 20వ తేదీన జిల్లా మండలి ఆ నిర్ణయమును త్రోసివేసి గ్రంథమును మరల నిలిపెను. నిలుపుట న్యాయమే. ఆ గ్రంథమును ఆద్యంతము చూడవలయునని, దాని విలువ కొన్ని పుటలకు లోబడదని, అప్పుడు అందఱికిని తోచెను. ఆ మర్యాద తక్కిన పుస్తకములకు ఏల కలుగరాదని మేమడుగుచున్నాము. బహుజనులకు ప్రియమైన గ్రంథమునకు వెంటనే రక్షకులు దొరకుదురు. కొలదిమంది జీవితమును చెప్పు పుస్తకమునకు దొరకరు. ఫిర్యాదుపై నడచు చట్టము సంఖ్యాబలము లేనివారి పుస్తకములను ముందుగా మ్రింగును.

అదే రాష్ట్రమున 2024లో మఱియొక చట్టము వచ్చినది. మూడు జిల్లాల పాఠశాలామండలులు ఒక పుస్తకమును తగదని నిర్ణయించినచో అది రాష్ట్రమంతటి ప్రభుత్వ పాఠశాలలనుండి తొలగిపోవలెను. ఆ యాగస్టున వెలువడిన తొలి జాబితాలో 13 పుస్తకములుండెను. తక్కిన జిల్లాల తల్లిదండ్రులు ఆ పుస్తకమును కోరుచున్నను వారి కోరిక చెల్లదు. స్థానికుల స్వేచ్ఛ పేర మొదలైన యుద్యమము స్థానికుల స్వేచ్ఛను మ్రింగుటతో ముగిసినది.

ఇది పరదేశపు గొడవ, మనకేల యని తలంచు చదువరులకు మన యింటి చరిత్ర నొకటి జ్ఞప్తి చేయుదుము. తంజావూరు ప్రతాపసింహుని కాలమునాటి ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో పరిష్కరించి ప్రకటించిరి. అది అశ్లీలమని ఆక్షేపణలు లేచెను. 1911లో మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. ఆ కావ్యమును అంతకుముందే నిందించినవారిలో మన సంస్కరణోద్యమమునకు మూలపురుషులైన వీరేశలింగము పంతులుగారును ఉండిరి. పురుషకవుల శృంగారమునకు లేని నియమము స్త్రీ వ్రాసినదానికే యేలయని నాగరత్నమ్మగారడిగిరి. ఆ ప్రశ్నకు నేటికిని సరియైన జవాబు రాలేదు. 1947లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గ కాలమున ఆ నిషేధము తొలగినది. నడుమ ముప్పదియాఱేండ్లు గడచెను. ఆ కావ్యము బడిపిల్లలకు తగునని మేమనుట లేదు. సదుద్దేశము గల సంస్కర్తల నింద సైతము సర్కారు చేతిలో పడినప్పుడు ఒక తరము చదువును మ్రింగివేయునని మాత్రమే చెప్పుచున్నాము. విధవల కష్టమును, బాలికల వివాహమును నలుగురిలో మాటాడుటయే తప్పని యెంచిన కాలమున మన సంస్కర్తలు వానిని గుఱించి వ్రాసిరి. ఆనాటి బడులలో ఇట్టి ఫిర్యాదుల చట్టముండినచో ఆ వ్రాతలలో నెన్ని నిలిచియుండునో చదువరులే యోచింపవలెను.

న్యాయస్థానములు రక్షింపవా యందురేమో. న్యూయార్కు రాష్ట్రపు ఐలెండ్ ట్రీస్ పాఠశాలామండలి 1976లో తొమ్మిది పుస్తకములను గ్రంథాలయమునుండి తీసివేయగా, విద్యార్థులు దావా వేసిరి. మండలి తానే నియమించిన పరిశీలనసంఘపు సలహాను తానే త్రోసివేసినట్లు విచారణలో తేలెను. 1982లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము విద్యార్థుల పక్షమున తీర్పు చెప్పెను. అందలి భావములు నచ్చవన్న మాత్రమున పుస్తకమును తీయరాదని ప్రధానాభిప్రాయము వ్రాసిన న్యాయమూర్తి బ్రెనన్ పలికెను. కాని ఆ యభిప్రాయమునకు న్యాయమూర్తులలో అధికసంఖ్యాకుల పూర్తి సమ్మతి లేకపోయెను; ఆ కొఱత నేటికిని బాధించుచున్నది. 2025 ఆగస్టులో ఫ్లోరిడాలోని కేంద్ర న్యాయస్థాన మొకటి, లైంగికవర్ణన గలదన్న మాత్రమున పుస్తకమును తొలగింపుమను మాటలు మితిమీరిన విస్తృతి గలవని, రాజ్యాంగమునకు విరుద్ధములని చెప్పెను. అదే యేడు మే నెలలో మఱియొక పై న్యాయస్థానము, టెక్సాసులోని ల్యానో జిల్లా పౌరగ్రంథాలయము విషయమున, ఏ పుస్తకముంచవలెనో ప్రభుత్వమే నిర్ణయించుకొనవచ్చునని తీర్పిచ్చెను. ఆ తీర్పును విచారించుటకు సర్వోన్నత న్యాయస్థానము 2025 డిసెంబరులో సమ్మతింపలేదు. తీర్పులు ఇట్లు రెండు దారుల నడచుచుండగా, రక్షణభారము శాసనసభలపైనను, ఓటు వేయు ప్రజలపైనను పడుచున్నది.

ఆ ప్రజలలో మనవారును కలరు. డల్లాసు పరిసరములలోని ఫ్రిస్కో, ఇర్వింగు, ప్లేనో పట్టణములలో తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి. వారి పిల్లలు ప్రభుత్వ పాఠశాలలలో చదువుచున్నారు. టెక్సాసు శాసనసభ 2025లో చేసిన చట్టము ప్రకారము గ్రంథాలయపు కొనుగోళ్లకు పాఠశాలామండలి సమ్మతి కావలెను. తల్లిదండ్రులు కొందఱు కోరినచో సలహాసంఘము ఏర్పడును. మన తల్లిదండ్రులు బిడ్డల మార్కులను గుఱించి బడికి పోవుదురు. గ్రంథాలయమును గుఱించి పోవువారు తక్కువ. మన పిల్లలకు పుస్తకములు కొనిపెట్టగలము, ఈ తగవు మనకేల యనుట దూరదృష్టి కాదు. నేడు వేఱొకరి బిడ్డను గుఱించిన కథ దిగిన అరనుండియే రేపు మన పండుగను, మన రంగును, మన వలసను గుఱించిన కథ దిగవచ్చును. పైగా ఇంట పుస్తకము కొనలేని కూలివాని బిడ్డకు బడి అలమారు ఒక్కటే అలమారు. ధనవంతుని బిడ్డకు నిషేధము అసౌకర్యము మాత్రమే. బీదవాని బిడ్డకు అది లోటు.

ఇంతయు నిందించి మార్గము చూపకుండుట విమర్శకునికి ధర్మము కాదు. ఇల్లినాయి రాష్ట్రము 2023లో వేఱొక త్రోవ పట్టినది. పక్షపాతముతోను, సిద్ధాంతవిరోధముతోను పుస్తకములను తీసివేయమని వ్రాతపూర్వకముగా నియమము చేసికొనని గ్రంథాలయములకు రాష్ట్రపు ధనసహాయము దొరకదని చట్టము చేసెను. మా దృష్టిలో న్యాయమైన చట్టమున ఆఱు లక్షణము లుండవలెను. ఫిర్యాదు చేయువారు పుస్తకమును ఆద్యంతము చదివి, ఆ మాట వ్రాసి సంతకము చేయవలెను. నిర్ణయము వచ్చువఱకు పుస్తకము అరలోనే యుండవలెను. నిర్ణయించు సంఘములో ఉపాధ్యాయులు, గ్రంథాలయోద్యోగి, తల్లిదండ్రులు, పెద్దతరగతుల విద్యార్థులును ఉండవలెను. వారు పుస్తకమును మొత్తముగా, ఏ వయసువారి కొఱకను విచక్షణతో చదువవలెను. ఉంచినను తీసినను కారణములను వ్రాసి ప్రకటింపవలెను. తన బిడ్డకు వలదను తల్లి మాట ఆ బిడ్డవఱకు తిరుగులేక చెల్లవలెను; అంతకు మించి చెల్లరాదు.

ఈ ఆఱింటిలో గ్రంథాలయోద్యోగి అహంకారమునకుగాని, పాఠశాలామండలి నిరంకుశత్వమునకుగాని చోటులేదు. తల్లిదండ్రుల నోరు మూయుట యంతకంటె లేదు. చదివిన పిదప మాటాడుమనియు, విన్న పిదప తీర్పు చెప్పుమనియు మాత్రమే యున్నది. ఇది క్రొత్త ధర్మము కాదు. బడిలో మనము పిల్లలకు మొదటి తరగతినుండి నేర్పుచున్నదే. ఆ బడిని పాలించు చట్టము దానిని పాటింపకపోయినచో పిల్లలు ఏది నేర్చుకొందురో ఆ శాసనసభలవారును, వారి నెన్నుకొను తల్లిదండ్రులును విచారించుకొందురు గాక.